గోడవైపు తిప్పిన సీసాలు

గంజమ్మ నోరు అలవాటు కొద్దీ తెరుచుకోకపోయి ఉంటే ఇదంతా జరిగేదే కాదు. ఆ మాట ఆవిడ తర్వాత ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు.

గంజమ్మ అసలు పేరు సంఘం రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా వినపడదు. నలభై ఏళ్లుగా చర్చి బట్టలు ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చే మనిషి కాబట్టి అందరికీ ఆవిడ గంజమ్మే. ప్రభువు బల్ల మీద పరిచే తెల్లబట్ట, పాస్టరు అయ్యగారి నిలువంగీ, ప్రభు సంస్కారంలో ద్రాక్షారసం పంచే పాత్ర తుడిచే చిన్న చిన్న గుడ్డలు అన్నీ ఆవిడ చేతుల మీదుగా పోవలసిందే. పాత్ర తుడిచిన గుడ్డల్ని మొదటిసారి జాడించిన నీళ్లు మోరీలో పోయకూడదు, మట్టిలోనే పోయాలి. ద్రాక్షారసం తడి ఏ కాస్త ఉన్నా మురుగులో కలవకూడదని ఆంగ్లికన్ సంఘాల్లో పాతకాలం నుంచీ వస్తున్న పద్ధతి అది. ఆ నీళ్లు తాగి తాగి ఆవిడ పెరట్లో ఒక గులాబీ చెట్టు గోడ దాటి పోయింది. "నాకంటే అదే ఎక్కువసార్లు సంస్కారం పుచ్చుకుంది, చూడు దాని కండ" అనేది గంజమ్మ.

ఆ గుడ్డలు జాడించేటప్పుడే ఆవిడకి మాటలు వచ్చేవి. ఎక్కడి నుంచి వచ్చేవో ఆవిడకే తెలియదు. చదివింది నాలుగో తరగతి, అదీ సగం. రాయడం చేతకాదు గాని ఒకసారి మనసులో పడిన మాట మళ్లీ చెరిగేది కాదు. ఒకనాడు ఇస్త్రీ మూట అప్పజెబుతూ, తనలో తాను గొణుక్కుంటుంటే అయ్యగారు విన్నారు. మళ్లీ చెప్పించుకున్నారు. నోటుపుస్తకం తీసి రాసుకున్నారు.

"మన సంఘంలో ఇది కొత్త సంగతేం కాదమ్మా" అన్నారాయన. "వెనకటి గురువులు కొందరు ఆదివారం బుద్ధిగా ప్రసంగం చెప్పి, సోమవారం ఇంట్లో కూర్చుని దేవుడితో తగువులాడుతూ పద్యాలు రాసుకునేవాళ్లు. వాళ్లు పోయాక అవి మన ప్రార్థనల్లోకి వచ్చి చేరాయి. ప్రార్థన పుస్తకంలో మాట అందరిదీ. పద్యం ఒక్కరిది. ఆ ఒక్క గొంతూ అప్పుడప్పుడు వినపడకపోతే మిగతాదంతా ఉత్త వల్లెవేసే పాఠమైపోతుంది."

బుధవారం పొద్దుటి ఆరాధనకి పదిమంది వస్తే గొప్ప. సంస్కారం అయిపోయాక కాసేపు ఎవరూ ఏమీ మాట్లాడరు. ఆ నిశ్శబ్దంలో ఆయన తన కుర్చీలోనే కూర్చుని మెల్లగా గంజమ్మ మాటలు చదివేవారు. పేరు మాత్రం చెప్పకూడదని గంజమ్మ ఒట్టు వేయించుకుంది. గుడ్డలుతికేదానికి ఇంత పొగరా అంటారని పైకి చెప్పింది. లోపల భయం వేరు. ఆ మాటలు తనవో కావో ఆవిడకే నమ్మకం లేదు. తనవి కాకపోతే ఎవరివి?

ఆ వారం కొత్తవేవీ రాలేదు. అయ్యగారు అడిగితే, ఏదో ఒకటి ఇవ్వాలి గదా అని, పదకొండేళ్ల నాటి పాతది, ఎవరికీ ఎప్పుడూ చెప్పనిది, నోరు జారి చెప్పేసింది. ఇంటికొచ్చాక "ఎందుకు చెప్పానురా దేవుడా" అని అన్నం కూడా సరిగ్గా తినలేదు.

బుధవారం నాడు మబ్బు పట్టి చర్చి లోపల చీకటిగా ఉంది. అయ్యగారి కుర్చీ పైన బల్బు మాడిపోయింది. ఆయనకి చూపు తక్కువ. కుర్చీలోంచి లేచి, దీపం ఉన్న చోటికి, అంటే పెద్ద బైబిలు తెరిచి ఉండే వాక్యపీఠం దగ్గరికి నడిచి, అక్కడ నిలబడి చదివారు.

"సీసాలన్నీ గోడవైపు తిప్పి పెట్టాను.
ఇక నన్ను బతికించే పని నీది.
చుక్క చుక్కగా వచ్చే ప్రాణం నాకొద్దు.
వస్తే వరదలా రా,
నా గుమ్మం కొట్టుకుపోయినా సరే."

చదవడం ఆపారు. వాక్యపీఠం మీద చదివే గొంతు ఆగితే జనం ఏమంటారో సంఘంలో పుట్టిన ప్రతివాడికీ నాలుక మీదే ఉంటుంది. చివరి వరసలో కూర్చున్న గంజమ్మ, తన మాటలు తనే వింటూ గడ్డకట్టుకుపోయి ఉన్న గంజమ్మ, అరవై ఏళ్ల అలవాటు కొద్దీ అందరికంటే ముందు అనేసింది.

"దేవునికి స్తోత్రం."

వెనకే మిగతావాళ్లంతా అన్నారు. "దేవునికి స్తోత్రం."

అయ్యగారు తలెత్తి బిత్తరపోయి చూశారు. ఇది బైబిలు పాఠం కాదని చెబుదామా అన్నట్టు నోరు తెరిచి, నిశ్శబ్దం చెదురుతుందేమోనని మళ్లీ మూసుకున్నారు. గంజమ్మకి అప్పుడు తెలిసొచ్చింది. దేవుడి గ్రంథానికి పలికే జవాబు తన గొణుగుడుకి పలికించింది తనే.

బయటికొస్తుంటే గంట కొట్టే తాత ఎదురొచ్చాడు. "ఇవాళ చదివింది ఏ ప్రవక్తది గంజమ్మా? నేనెప్పుడూ విన్నట్టు లేదు."

"నిద్రపోతూ వింటే ప్రవక్తలందరూ కొత్తవాళ్లే" అని కసిరి, గుమ్మంలోంచి వెనక్కి తిరిగి చూసింది.

లోపల ఆర్గను దగ్గర పిచ్చుక ఒక్కతే మిగిలిపోయింది. పిచ్చుక అంటే గంజమ్మ అక్క కూతురు. సన్నగా ఉంటుందని చిన్నప్పుడు పెట్టిన పేరు, ముప్పై నాలుగేళ్లొచ్చినా పోలేదు. పన్నెండేళ్లప్పుడు తల్లి పోతే గంజమ్మే పెంచింది. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తూ, బుధ, ఆదివారాలు చర్చిలో ఆర్గను వాయిస్తుంది. ఎనిమిదో ఏటి నుంచీ చక్కెర జబ్బు. ఒంట్లో ఇన్సులిన్ అన్నదే ఊరదు. రోజుకి నాలుగు సూదులు వేసుకుంటేనే బతుకు.

"రావే పిచ్చుకా, వాన వచ్చేలా ఉంది."

"నువ్వెళ్లు పిన్నీ. నేను కాసేపుండి వస్తా." మీటల మీద చేతులు పెట్టుకునే ఉంది, వాయించడం లేదు.

శుక్రవారం పొద్దున కళ్లజోళ్ల దుకాణం ఆయన ఫోను చేశాడు. "మీ అమ్మాయి నిన్నా రాలేదు, ఇవాళా రాలేదు. ఫోనెత్తడం లేదు. చెప్పాపెట్టకుండా మానే పిల్ల కాదు గదా అని."

గంజమ్మ పొయ్యి మీదున్న గంజి అలాగే దించేసి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ మధ్యలో రెండు వీధులు ఎలా దాటిందో తెలియదు. పిచ్చుక వేరుగా, ఒక్కతే ఉండేది మూడో అంతస్తులో. రెండో అంతస్తులోనే ఊపిరి అందలేదు. అయినా ఆగలేదు.

తలుపు గడియ పెట్టి లేదు. పిచ్చుక కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. తల దువ్వుకుంది, ఉతికిన బట్టలు కట్టుకుంది. హమ్మయ్య అనుకోబోయింది గంజమ్మ. అంతలో కుర్చీ చుట్టూ నేల మీద నీళ్ల సీసాలు కనిపించాయి. ఆరు. అన్నీ ఖాళీ.

"ఏంటే, ఎడారిలోంచి వచ్చావా?"

"దాహంగా ఉంది పిన్నీ. ఫ్రిజ్‌లో ఇంకోటుంది, ఇవ్వవూ?"

గంజమ్మ ఫ్రిజ్ తలుపు తీసింది. పై అరలో ఇన్సులిన్ సీసాలు మూడు ఉంటాయి. ఎన్నేళ్లుగానో చీటీలు ఇవతలికి, తేదీ కనిపించేలా పెట్టడం ఆ ఇంటి పద్ధతి. నేర్పింది గంజమ్మే. ఇప్పుడు మూడూ వెనక్కి తిరిగి ఉన్నాయి. చెయ్యి తగిలి తిరిగినట్టు కాదు. ఒకదాని పక్కన ఒకటి వరసగా, చీటీలు గోడవైపు పెట్టి, మూడూ.

గంజమ్మకి ఫ్రిజ్ చలి గుండెలోకి వచ్చినట్టయింది. తలుపు పట్టుకునే నిలబడింది. వెనక్కి తిరగాలంటే భయం. అప్పుడు విన్నది ఆ ఊపిరి. కుర్చీలో కదలకుండా కూర్చున్న పిల్ల, మెట్లెక్కుతున్న మనిషిలా లోతుగా, గబగబా ఊపిరి తీస్తోంది. దగ్గరికెళ్లి వంగితే నోట్లోంచి మగ్గిపోయిన పండ్ల వాసన. ఆ వాసన ఆవిడకి తెలుసు. జబ్బు బయటపడ్డ రోజున ఎనిమిదేళ్ల పిల్లని భుజాన వేసుకుని పరిగెత్తినప్పుడు, దారి పొడుగునా మెడ మీద తగిలిన వాసన అదే.

"సూది ఎప్పుడు వేసుకున్నావే?"

"బుధవారం పొద్దున. ఆరాధనకి ముందు."

"ఇవాళ శుక్రవారమే తల్లీ!"

"తెలుసు. క్యాలెండరు చూడ్డం నేనేం మర్చిపోలేదులే." నవ్వబోతే పెదవి పగిలి నెత్తురు కనిపించింది. "నువ్వు గాభరాపడకు పిన్నీ. నాకు చాలా తేలిగ్గా ఉంది."

"అంబులెన్సుని పిలుస్తున్నా."

"పిలు. వచ్చాక రానని చెప్పి పంపించేస్తాను. నేనేం చంటిపిల్లని కాదు, నా బదులు నువ్వు సంతకం పెట్టడానికి."

గంజమ్మ పట్టించుకోకుండా ఫోను చేసి చిరునామా చెప్పింది. ఇరవై నిమిషాలు పడుతుందన్నారు. తర్వాత పిచ్చుక కాళ్ల దగ్గర నేల మీద కూలబడింది. వచ్చేవాళ్లతో ఈ పిల్ల వెళ్లాలి. వెళ్లకపోతే సాయంత్రానికి ఉండదు. అంతే సంగతి.

"ఎందుకే ఇలా చేశావు?"

"నువ్వడగాలా? ముందు స్తోత్రం అంది నువ్వే గదా. ఆర్గను దగ్గరికి నీ గొంతే వినపడింది." పిచ్చుక కళ్లు మూసుకుంది. "ఇరవై ఆరేళ్లు పిన్నీ. పొట్ట మీద సూది దిగని చోటు లేదు. ప్రతి బుధవారం ఒకటే అడిగేదాన్ని, కడదాకా ఇంతేనా చెప్పు అని. ఎన్నడూ చెప్పలేదు. మొన్న చెప్పాడు. వాక్యపీఠం మీద నుంచి చెప్పాడు, సంఘమంతా ఒప్పుకుంది. ఇంకెలా చెప్పాలి నాకు?"

గంజమ్మ పిల్ల మోకాలు పట్టుకుంది. "అది దేవుడి మాట కాదే. అది నాది."

పిచ్చుక కళ్లు తెరిచి చూసింది. జాలిగా చూసింది. "నీదా? పాల చీటీ మీద సంతకానికి వేలిముద్ర వేస్తావు. నన్ను ఆసుపత్రికి పంపాలని ఏదైనా చెబుతావు నువ్వు."

"నిజంగా నాదే. గుడ్డలు జాడిస్తుంటే వస్తాయి. అయ్యగారు రాసుకుంటారు."

"అయితే ఒకటి చెప్పు. ఇప్పుడు, నా ఎదురుగా."

గంజమ్మ ప్రయత్నించింది. తల లోపల ఇస్త్రీపెట్టె పెట్టి నొక్కినట్టుంది. ఒక్క మాట రాలేదు. "ఓ పిచ్చుకా, రావే పిచ్చుకా, మందు వేసుకోవే..." అని ఆగిపోయింది. తనకే సిగ్గేసింది.

"చూశావా" అంది పిచ్చుక మెల్లగా. "ఇలాంటిదైతే నేను సూది మానేదాన్నా?"

గంజమ్మ అయ్యగారికి ఫోను చేసి, ఇద్దరికీ వినపడేలా పెట్టింది. "అయ్యగారూ, బుధవారం చదివింది ఎవరిదో మా పిచ్చుకకి చెప్పండి."

"పేరు చెప్పొద్దని మీరే గదమ్మా..."

"నేనే చెప్పమంటున్నాను. త్వరగా చెప్పండి."

"మీ పిన్నిదేనమ్మా" అన్నారాయన. "ఆవిడ చెబితే నేను రాసుకున్నాను. ఎందుకడుగుతున్నారు?"

"పెద్దాసుపత్రికి రండి" అని పెట్టేసింది గంజమ్మ. గెలిచాననుకుని పిల్ల మొహం చూసింది. చూసి ఉన్న ధైర్యం కాస్తా జారిపోయింది. పిచ్చుక మొహం వెలిగిపోతోంది.

"అయితే మరీ మంచిది" అంది. ఊపిరికి ఊపిరికి మధ్య ఒక్కో మాట. "ఏమీ చదువుకోని నీ నోట అలాంటి మాటలు నీ అంతట నీకు వస్తాయా? గొర్రెలు కాసేవాళ్లతో మాట్లాడినవాడు గుడ్డలుతికేవాళ్లతో మాట్లాడడా? నన్ను పెంచిన చేతులతోనే నాకు కబురు పంపాడు."

గోడ గడియారంలో పన్నెండు నిమిషాలు గడిచాయి. గంజమ్మకి ఇంకొక్కటే మిగిలింది. అది ఎవరికీ చెప్పనిది. అయ్యగారికి చెప్పనిది, ప్రార్థనలో కూడా పైకి అననిది. అంటే నిజమైపోతుందని భయం.

"విను" అంది. పిల్ల రెండు చేతులూ పట్టుకుంది, అవి కాలిపోతున్నాయి. "మీ బాబాయి పోయిన రోజు జ్ఞాపకముందా? పక్కన సెలైను సీసా వేలాడుతోంది. చుక్క చుక్కగా ఎక్కుతూనే ఉంది, మనిషి చల్లబడిపోతూనే ఉన్నాడు. ఇంటికొచ్చి బల్ల మీదున్న ఆయన మందు సీసాలన్నీ గోడకేసి తిప్పాను, వాటి మొహం చూడలేక. అప్పుడు తిట్టానే. దేవుణ్ణి పట్టుకుని తిట్టాను. ఈ చుక్కలూ వద్దు, నీ బిచ్చమూ వద్దు, మగాడివైతే నువ్వే రా, ఈ ఇల్లు కూల్చెయ్యి అన్నాను. అది ప్రార్థన కాదు, భక్తి కాదు. వీధి కుళాయి దగ్గర తగువులో అనే మాటలు. బూతులు తీసేసి అయ్యగారికి చెప్పాను."

పిచ్చుక చూపు ఫ్రిజ్ వైపు పోయి మళ్లీ పిన్ని మీదికొచ్చింది. తర్వాత అడిగింది. "వచ్చాడా?"

వచ్చాడంటే ఈ పిల్ల కదలదు. రాలేదంటే, నలభై ఏళ్లుగా ఎవరి గుడ్డలు ఉతుకుతోందో వాడి ముందు, నోరు తెరిచి ఆ మాట అనాలి.

"రాలేదే" అంది. "గుమ్మం దగ్గర తెల్లారేదాకా కూర్చున్నాను. పాలవాడొచ్చాడు. ఆయన రాలేదు."

"మరి ఆ బట్టలెందుకు ఉతుకుతున్నావు ఇంకా?"

"ఏమో. ఎప్పుడైనా వస్తే బల్ల మీద బట్ట మాసి ఉండకూడదు గదా అని."

పిచ్చుక మొహంలో ఆ వెలుగు ఆరిపోయింది. ఆరిపోతుంటే చూడటం గంజమ్మకి ఊపిరి తీసేస్తున్నట్టే ఉంది. తనే ఊదేసింది దాన్ని. ఆ వెలుగు వెనక నుంచి ఎనిమిదేళ్ల పిల్ల మొహం బయటికొచ్చింది.

"పిన్నీ" అంది. "అయితే నేను ఎవరి మాట మీద చచ్చిపోతున్నాను?"

"నా కోపం మీద. దాని మీద చావకే తల్లీ, అంత విలువ లేదు దానికి."

"నాకు భయమేస్తోంది." పళ్లు టకటకలాడాయి. "పిన్నీ, నాకు చాలా భయమేస్తోంది."

లేవబోయి గంజమ్మ మీదే ఒరిగిపోయింది. అంబులెన్సులో వచ్చినవాళ్లు పిచ్చుకని కుర్చీలో కట్టి మూడంతస్తులూ దించేటప్పుడు, "మీరొస్తారా, ఒప్పుకుంటున్నారా?" అని అడిగితే, తల ఊపింది. గంజమ్మ రెండోసారి అడగమంది. రెండోసారి కూడా ఊపింది.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద గంజమ్మ కూర్చున్న చోటు నుంచి మూసిన తలుపు కనిపిస్తుంది. సాయంత్రం దాకా ఏమీ చెప్పలేమన్నాడు డాక్టరు. ఒక గంట ఆలస్యమైతే తెలివి తప్పేదట, తెలివి తప్పాక వచ్చేవాళ్లు అందరూ తిరిగి వెళ్లరట. ఆయన మామూలుగానే చెప్పాడు.

అయ్యగారు వచ్చి పక్కన కూర్చున్నారు. విషయమంతా విన్నాక నోటుపుస్తకం తీసి ఆవిడ ఒళ్లో పెట్టారు. "తప్పు నాదమ్మా. ఆ పీఠం దగ్గర నిలబడకూడదు నేను. మీరు చింపెయ్యమంటే ఇక్కడే చింపేస్తాను."

గంజమ్మ ఆ పుస్తకాన్ని ముట్టుకోవడానికి జంకింది. అందులో ఉన్నవన్నీ ఎవరింట్లో ఏ సీసా తిప్పిస్తాయో అనిపించింది. కొంగుతో పట్టుకుని ఆయన చేతిలో పెట్టింది. "చింపొద్దు. ఇక మీద చదివితే మాత్రం నా పేరు చెప్పండి. గంజమ్మ ఇలా అంది అని చెప్పండి. గంజమ్మ అందంటే, దానికేం తెలుసు అని నలుగురూ కాదంటారు. కాదనాలి గదా. ఎవరన్నారో తెలీకపోతేనే ఇలా మెడ వంచేస్తారు."

"నవ్వుతారమ్మా కొందరు."

"నవ్వనీండి. నవ్వేవాళ్లు మందు మానరు."

ఆయన ఇంకేదో అనబోతుంటే తలుపు తెరుచుకుంది. "ఆ అమ్మాయి తాలూకు ఎవరు?" అంది నర్సు. గంజమ్మ లేచింది. నర్సు మొహం చూసి ఏమీ పోల్చుకోలేకపోయింది.

"చక్కెర దిగుతోంది. మాట్లాడుతోంది. ఒక్కరే రండి, అయిదు నిమిషాలు."

తెర వెనక పిచ్చుక ఇంకా చిన్నదైపోయినట్టు పడుకుని ఉంది. ఊపిరి కాస్త నెమ్మదించింది. గంజమ్మ మంచం దగ్గరికి వెళ్లడానికి భయపడింది. దేవుణ్ణి లాక్కున్న మనిషిని ఈ పిల్ల ఏ కళ్లతో చూస్తుందో!

"పిన్నీ, నిజం చెప్పు. నన్ను బండెక్కించడానికి అబద్ధమాడావా?"

అవునంటే సరిపోయేది. ఆ పిల్ల వెలుగు ఆ పిల్లకి తిరిగొచ్చేది. రేపో ఎల్లుండో ఆ సీసాలు కూడా మళ్లీ గోడవైపు తిరిగేవి.

"అబద్ధం కాదమ్మా."

పిచ్చుక కళ్లల్లోంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. తుడుచుకోవడానికి చెయ్యి లేవలేదు. గంజమ్మ కొంగుతో తుడిచింది.

"అయితే పదకొండేళ్లూ నువ్వొక్కదానివే ఉన్నావా, ఆ మాట పెట్టుకుని?"

గంజమ్మ కొంగు దించకుండానే తల ఊపింది.

నర్సు చిన్న యంత్రం పట్టుకుని వచ్చింది. గంటగంటకీ చూడాలట. "వేలివ్వమ్మా, కొంచెం చురుక్కుమంటుంది" అంది.

పిచ్చుక పిన్ని మొహం మీద నుంచి చూపు తిప్పకుండానే, దుప్పట్లోంచి చెయ్యి తీసి, వేలు చాపింది.